పసిగట్టికి దిష్టి

చంద్రుడి మీద ఆదివారం మటన్ వండుకోవడానికి మేక అక్కర్లేదు. కణాలను తొట్లలో పెంచి, మాంసంగా కోసి ఇళ్లకు పంపే ఫ్యాక్టరీ ఒకటుంది. కాలనీ మొత్తానికి అదే దిక్కు. అలాంటిచోట ఈమధ్య రెండుసార్లు బూజు పట్టి సరుకంతా పారబోశారు. బయట గాలే లేని లోకంలో బూజు ఎక్కణ్నుంచి ఊడిపడుతోందో సుభాషిణికి అంతుబట్టలేదు.

అక్కడ కాపలా కాస్తున్నది ఆమె తయారుచేసిన యంత్రమే. పేరు పసిగట్టి. హాలంతా తిరుగుతూ గాలి పీల్చి, అందులోని బూజు బీజాలను, అంటే స్పోర్లను, లేజర్ వెలుగులో గుర్తుపట్టి, ఆ గాలిని వెనక ఫ్యాను గుండా వదిలేస్తుంది. ఇంకోసారి సరుకు పాడైతే యంత్రాన్ని భూమికి తిప్పి పంపేస్తామని పైవాళ్లు తేల్చేశారు. అదే జరిగితే ఆమె ఇన్నేళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే.

ఈ పూట పసిగట్టి మళ్లీ మోగింది.

"ఈసారెక్కడ?" విసుగ్గా అడిగింది సుభాషిణి.

"నేను తిరిగిన ప్రతిచోటా ఉందమ్మా. మొదటిసారి వెళ్లినప్పుడు ఉండదు. రెండోసారి వెళ్లేసరికి ఉంటోంది."

ఈ ముక్క ముందే ఏడవచ్చు కదా అంటే, మీరు అడగలేదు కదా అంది యంత్రం. సుభాషిణికి ఒళ్లు మండిపోయింది. స్క్రూడ్రైవర్ తెచ్చి వెనక మూత ఊడదీసింది. ఫ్యాను పక్కనే దారంతో కట్టిన మూడు నిమ్మకాయలు. రెండింటికి ఆకుపచ్చని బూజు దట్టంగా పట్టింది. మూడోది తాజాగా ఉంది.

పక్కనే నిలబడి చూస్తున్న మేనేజరు వీరభద్రం గొంతు సవరించుకున్నాడు. యంత్రాన్ని అందరూ తెగ మెచ్చుకుంటుంటే దిష్టి తగులుతుందని, కాలనీ తోటలోంచి తెచ్చి మొదటిది ఆయనే కట్టాడట. బూజు పట్టి సరుకు పోయినప్పుడల్లా, ఒకటి చాల్లేదేమోనని ఇంకోటి కట్టాడట.

"కుళ్లినవైనా తీసెయ్యాలని తోచలేదా?"

"కట్టింది తీస్తే మంచిది కాదంటారమ్మా. మీ యంత్రం బాగుండాలనే కదా నా తాపత్రయం."

ఆమె నిమ్మకాయలు తీయించి, యంత్రాన్నీ హాలునీ కడిగించింది. సరుకు కోతకు రాకముందే బయటపడింది కాబట్టి ఈసారి మాంసం దక్కింది. సాయంత్రానికి పసిగట్టి హాలంతా రెండు చుట్లు తిరిగి, ఎక్కడా బూజు లేదని చెప్పింది. పనివాళ్లంతా చుట్టూ మూగారు. ఇంత తెలివైన యంత్రం భూమ్మీద కూడా లేదన్నాడొకడు. దీనికిక తిరుగే లేదన్నాడు ఇంకొకడు.

సుభాషిణి ముఖం వెలిగింది. ఆ వెంటనే గుండెలో ఏదో గుబులు మొదలైంది. తన మీద తనకే చిరాకేసింది. అయినా వీరభద్రాన్ని పక్కకు పిలిచింది.

"ఒక మంచి నిమ్మకాయ తెండి," అంది గొంతు తగ్గించి. "గాజు డబ్బాలో పెట్టి, గాలి దూరకుండా మూత బిగించి కట్టండి."