నేలకు తగలని చక్రాలు

ఆ ఉదయం పీర్ సాహెబ్ వరండాలో వరుసగా నిలబెట్టిన పన్నెండు పిల్లల సైకిళ్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. వెనుక చక్రానికి అటూ ఇటూ బిగించిన చిన్న చక్రాల కింద చిటికెనవేలు దూర్చి చూశాడు. పన్నెండింటికీ వేలు దూరింది. ఒక్క పక్కచక్రమూ నేలను తాకడం లేదు.

"చూసినావు కదప్పా! మా జమ్మలమడుగులో పిల్లోళ్లు తాగినోళ్ల మాదిరి ఒరుగుతాండారు" అన్నాడు దుకాణదారు గంగులయ్య. ఈ ఫిర్యాదు కోసమే అతడు తొలి బస్సులో ప్రొద్దుటూరు వచ్చాడు.

అరవై రెండో సంవత్సరంలో ఆ చుట్టుపక్కల పిల్లల సైకిళ్లను టోకున అమ్మేది పీర్ సాహెబ్ ఒక్కడే. మద్రాసు నుంచి విడిభాగాలు పెట్టెల్లో వచ్చేవి. ఇంట్లోనే బిగించి దుకాణాలకు పంపేవారు. పిల్లలకు తొక్కడం వచ్చాక పక్కచక్రాలు విప్పేయవచ్చు. బిగింపు పని ఇల్లరికపు అల్లుడు జిలానీది.

ఒక్క సైకిలైతే పొరపాటు. పన్నెండూ ఒకే ఎత్తున ఉంటే పొరపాటనడానికి పీర్ సాహెబ్ బుద్ధి ఒప్పుకోలేదు. పైగా జిలానీ ఆ నెలలో మూడుసార్లు పులివెందుల వెళ్లాడు. ఎందుకని అడిగితే "పని ఉండె మామా" అన్నాడేగాని, ఏ పనో చెప్పలేదు. రెండూ కలిపి చూస్తే ఆయనకు ఒకటే అర్థం తోచింది: మామ పేరు చెడగొట్టి, అక్కడ సొంత దుకాణం తెరవబోతున్నాడు.

"జిలానీ! ఇవి ఎవురు బిగించినారు?"

పిలుపు విని వచ్చిన జిలానీ ఒక్క క్షణం వంటింటి వైపు చూశాడు. ఆ చూపు మామ అనుమానాన్ని మరింత బిగించింది.

"నేనే మామా."

"కండ్లు కనపడలేదా, కావాల్నని చేసినావా?"

"కావాల్ననే."

"పులివెందుల్లో అంగడి యాడ చూసినావు? బస్టాండు కాడనా?"

"అంగడా? నాకెందుకు మామా అంగడి?"

"నా చెవుల్లో పూలు పెట్టొద్దు! సాయంత్రానికి పెట్టె సర్దుకొని బయల్దేరు. నా బిడ్డ ఈడనే ఉంటాది."

"ఉండను నాయనా." కూతురు జరీనా తలుపు దాటి వచ్చింది. పరాయి మగవాడు ఉండగా ఆమె వరండాలోకి రావడం అదే మొదటిసారి. వేళ్లకు గ్రీజు అంటి ఉంది. "ఆయన ఒక్కటిగూడా బిగించలే. అన్నీ నేనే. ఆడపిల్ల పానా పట్టుకుంటే నలుగురూ నవ్వుతారంటివి. అందుకే పని నాది, పేరు ఆయనది."

"బోల్టు ఎటు తిప్పాల్నో గూడా నాకు తెలీదు మామా" అన్నాడు జిలానీ, తలవంచుకొని.

"మరి పులివెందుల?"

"చక్రాలు రవంత పైకెందుకు ఉండాల్నో ఆ ఊరి దుకాణమోళ్లకు చెప్పిరమ్మంటి. మొదటి రెండుసార్లూ తప్పు చెప్పొచ్చినాడు" అంది జరీనా. గంగులయ్య నవ్వు ఆపుకున్నాడు.

పీర్ సాహెబ్ నవ్వలేదు. మాటలతో ఆయన అనుమానం తీరేది కాదు. తానే పానా తీసుకొని, ఒక సైకిలు పక్కచక్రాలను నేలకు ఆనేలా దించి, అయిదేళ్ల మనవరాలు మైమూన్‌ను ఎక్కించాడు. వాకిట్లో ఒక బండ కుంగి ఉంది. సైకిలు అక్కడికి చేరగానే పక్కచక్రాలు రెండూ అటూ ఇటూ ఎత్తుగా ఉన్న బండలమీద నిలిచాయి. నడుమ వెనుక చక్రం గాలిలో వేలాడింది. మైమూన్ ఎంత తొక్కినా అది వట్టిగా తిరుగుతోంది.

"పోవడంల్యా తాతా!"

తర్వాత మైమూన్‌ను జరీనా బిగించినట్టే ఉన్న ఇంకో సైకిలు ఎక్కించాడు. అది ఎడమకు ఒరిగింది, కుడికి ఒరిగింది, పల్లం దిగి అవతలికి ఎక్కింది. రెండో చుట్టులో కొన్ని గజాల దూరం ఏ పక్కచక్రమూ నేలను తాకలేదు. ఆ సంగతి మైమూన్‌కు తెలియదు.

పీర్ సాహెబ్ పానా కింద పెట్టాడు. ఇంటి గుట్టును అల్లుడు నెత్తిన మోస్తుంటే, తాను దాన్ని ద్రోహమని తేల్చాడు.

"నన్ను అడగొచ్చు కదమ్మా?"

"అడిగితే పానా లాక్కుంటావని."

ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. లేచి జిలానీ చేయి రెండు చేతులా పట్టుకున్నాడు. "నిన్ను పొమ్మంటినే అప్పా" అన్నాడు.

"మా ఊర్లో అడిగితే, ఎవురు బిగించినారని చెప్పాల?" అన్నాడు గంగులయ్య, చెప్పులు వేసుకుంటూ.

"మా ఆయనని చెప్పన్నా" అంది జరీనా, అలవాటుగా.

"కాదు" అన్నాడు పీర్ సాహెబ్. "జరీనా అని చెప్పు. నా బిడ్డ."