కలప డిపో మీద గొలుసుకట్టు

"తోక పొట్టిగా ఉందండీ."

"కుక్కకా, అక్షరానికా?" అంది ఆ అమ్మాయి తలెత్తకుండా.

పెళ్లి పత్రికలు అచ్చువేసే ఆ ప్రెస్సులో పేర్లన్నీ బ్రష్షుతో రాసేది ఆమే. ఆ రాతను కంప్యూటర్ ఫాంటుగా మార్చమని ప్రెస్సు యజమాని, అంటే ఆమె మావయ్య, ఈ డిజైనర్‌ని పిలిపించాడు. ఫాంటు వచ్చాక తన బ్రష్షు అటకెక్కుతుందని ఆమె బెంగ. అందుకే మొదటి రోజే అతనికి తోకబాబు అని పేరు పెట్టేసింది.

తోకబాబు ఓపిగ్గా చెప్పేవాడు. ఇది గొలుసుకట్టు రాత. ఒక అక్షరం తోక వెళ్లి పక్క అక్షరాన్ని అందుకోవాలి. అందకపోతే మాట మధ్యలో తెగినట్టుంటుంది.

వానలు మొదలయ్యేసరికి అక్షరాలన్నీ అయిపోయాయి, ఒక్క 'ల' తప్ప. రోజూ సాయంత్రం ఆమె రాసేది. అతను స్కేలు పెట్టి చూసి, "మళ్లీ" అనేవాడు. 'ల' కూడా అయిపోతే అతను వెళ్లిపోతాడు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమె బ్రష్షు కాస్త ముందే పైకి లేచేది.

ఒకరోజు వానకి ఆమె కలప డిపో చూరు కింద నిలబడింది. తలెత్తితే కొత్త బోర్డు. దుంగలమ్మే కొట్టుకి పెళ్లికూతురి ముంగురుల్లాంటి అక్షరాలు! నవ్వబోయి ఆగిపోయింది. అవి తన అక్షరాలే. 'కలప'లో 'ల' తోక హాయిగా వెళ్లి 'ప'ని పట్టుకుంది. తోక చివర వెంట్రుకంత తెల్లగీత. పాత బ్రష్షు చీలిన రోజు, వానలకు ముందు, తను రాసిన 'ల' అది.

తడుస్తూనే ప్రెస్సుకొచ్చింది.

"కలప డిపో బోర్డు మీదున్న ఆ 'ల' పనికిరాదన్నారుగా?"

అతను స్కేలు కింద పెట్టాడు. "పనికొచ్చింది. చెప్తే నాకిక్కడ పనుండదని... చెప్పలేదు. బోర్డు సంగతి మాత్రం నాకు తెలియదు, ఒట్టు."

ఆమె బ్రష్షు ముంచి, చెయ్యెత్తకుండా 'కలప' అని రాసింది. తోక ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది.

అతను నోరు తెరిచాడు. "ఇంత బాగా రాయడం వచ్చా? మరి ఇన్నాళ్లూ?"

"పొట్టి తోక రాయడం ఎంత కష్టమో మీకేం తెలుసు!"

లోపలి గదిలోంచి మావయ్య గొంతు వినిపించింది. "ఏమ్మా, 'ల' అయ్యిందా?"

"ఇంకా లేదు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఊఁ. మీ సంగతి తేలేలా లేదనే కంప్యూటర్లో ఉన్న అక్షరాలతో ఆ బోర్డు నేను వేయించా. సరే, ఇంతకీ మీ పెళ్లి పత్రికకి ఫాంటా, చేతిరాతా?"

"చేతిరాతే," అనేసి ఆమె నాలిక్కరుచుకుంది.