ముళ్లు తీసిన చేప

పొయ్యి మీద నిన్నటి కవళ్ల చేపల పులుసు ఇంకా వేడెక్కలేదు కానీ, అత్తాకోడళ్లు అప్పుడే వేడెక్కిపోయారు. రేపల్లె శిక్షణ కేంద్రం నుంచి వచ్చిన టీచరు వాళ్ల మధ్య ఇరుక్కుపోయింది. ఆమె ఒళ్లో మస్తాన్‌రావు సహాయ ప్రణాళిక కాగితం ఉంది. అతను తనంతట తానే చేసుకునే పనులేమిటి, ఎక్కడ సాయం కావాలి, ఏమంటే ఇష్టం, అన్నీ అందులో రాయాలి. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మదైన మస్తాన్‌రావుకి ఇప్పుడు ముప్పై ఏళ్లు. కేంద్రంలో తినిపించే మనుషులు లేరు కాబట్టి, మధ్యాహ్నం తనే తినగలిగితేనే చేర్చుకుంటారు.

"వాడికి తినడం రాదండి. అట్టాగే రాయండి," అంది తల్లి పోలమ్మ. "కవళ్లంటే ఒళ్లంతా ముళ్లే. ఇన్నేళ్లూ నేనే తీసి పెడతన్నాను."

"నువ్వు రానిస్తేగా అత్తా!" కోడలు, మస్తాన్‌రావు వదిన రాధారాణి కస్సుమంది.

"నోర్ముయ్యవే! వాణ్ణి ఇంట్లోంచి గెంటాలని నీ ఆరాటం. వాడిచేత గిన్నెలు తోమించేదానివి, నీకేం తెలుసు?"

"తోమించాను. చేతులున్నాయిగా! నువ్వు పోయాక ఎవరు పెడతారు ముద్దలు?"

"నా చావు కోరుతున్నావటే! నా పెద్దకొడుకు చేపల వేట నుంచి రానీ, నీ సంగతి చెప్తా."

రాధారాణి నోటికి అదుపు లేదు, నిజమే. అన్న మాట వెనక్కి తీసుకోలేదు కూడా.

టీచరు విసిగిపోయి మస్తాన్‌రావు వైపు తిరిగింది. "అన్నా, నువ్వు చెప్పు. నీకేం కావాలి?"

ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా అతన్ని ఆ మాట అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అతను లేచి, గిన్నెలోంచి ఓ చేపను పళ్లెంలో వేసుకున్నాడు.

"ఒరేయ్, ఆగు!" పోలమ్మ లేవబోయింది. రాధారాణి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వదలవే!"

"వదలను."

మస్తాన్‌రావు చేప వీపు నెమ్మదిగా విప్పి, నడిముల్లు పట్టి లాగాడు. చిన్నముళ్లు ఒక్కొక్కటే ఏరి పళ్లెం అంచున పెట్టాడు. ముక్క నోట్లో వేసుకుని నమిలాడు.

"ఎవర్రా నేర్పింది?" అంది పోలమ్మ.

"వదిన. నువ్వు చేపలమ్మడానికి పోయినప్పుడు. నీకు చెప్పొద్దంది."

"రెండేళ్లయింది," అంది రాధారాణి పొయ్యి వైపు చూస్తూ.

పోలమ్మ పళ్లెం అంచున ఉన్న ముళ్ల వైపు చూసింది. "మరి రోజూ నా దగ్గర నోరు తెరుస్తావేంట్రా?"

"నీకిష్టం కదమ్మా."

పోలమ్మ బావురుమంది. చాలాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంది. "తినడం వచ్చని రాయండి. రాత్రి ముద్ద మాత్రం నాదేనని కూడా రాయండి."

"అది నన్ను కాదు, అతన్ని అడగండి," అంది టీచరు.

మస్తాన్‌రావు తల్లి వైపు తిరిగాడు. "ఆదివారం పెట్టు."

టీచరు అదీ రాసుకుంది. రాధారాణి ఇంకా అత్త చెయ్యి వదల్లేదు. పోలమ్మ కూడా విడిపించుకోలేదు.