అత్తగారికి చదివిన పేపరు

గుమ్మంలో పేపరు పడిన చప్పుడుకి కోడలి గుండె జారిపోయింది. అందులో ఏముందో ఆమెకు నిన్న సాయంత్రమే తెలిసిపోయింది. యుద్ధవార్తలు రాసే తన భర్త ఇక లేడని పేపరాఫీసు నుంచి ఎడిటరే ఫోను చేసి చెప్పాడు. వంతెన దగ్గర బాంబు పడిందట... మనిషిని ఇంటికి చేర్చడానికి నాలుగు రోజులు పడుతుందట. ఎల్లుండేమో అత్తగారికి గుండె ఆపరేషను. చిన్న చెడ్డమాట కూడా ఆవిడ చెవిన పడకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఇక ఈ పిచ్చితల్లి ఏం చేస్తుంది? స్నానాలగదిలో నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది. ముఖం కడుక్కుని, ఎవరూ పలకరింపుకి రావద్దని ఇరుగుపొరుగుని బతిమాలుకుంది. ఫోను వైరు పీకేసింది.

అత్తగారికి చూపు ఆనదు. కొడుకు రాసిన వార్త రోజూ కోడలే చదివి వినిపించాలి. అది వింటే గాని ఆవిడ కాఫీ ముట్టదు.

"ఏమే, పేపరు ఇంకా రాలేదా? ఫోను కూడా మోగట్లేదు."

"వచ్చిందత్తయ్యా."

మొదటి పేజీలో నల్లగీతల మధ్య ఆయన ఫోటో. దాన్ని లోపలికి మడిచి, పేపర్లో లేని వార్తను చదవడం మొదలుపెట్టింది. కాల్పులు ఆగాయి, బడులు తెరిచారు, జనం ఇళ్ళకు తిరిగొస్తున్నారు... జన్మలో ఒక్క అబద్ధం సరిగా ఆడలేని మనిషి, ఆ పూట ఎక్కడా తడుముకోలేదు!

వార్త అయిపోయినా అత్తగారు కాఫీ ముట్టలేదు.

"ఎవరూ పోలేదా?"

"లేదత్తయ్యా. ఒక్కరు కూడా."

ముసలామె చెయ్యి తడుముకుంటూ వచ్చి కోడలి మణికట్టు పట్టుకుంది.

"పోయినవాళ్ళు లేని వార్త వాడు ఏనాడూ పంపలేదే. ఇంతమంది అని అంకె వేసి ఊరుకోడు. నానా తిప్పలూ పడి ఒక్కొక్కరి పేరూ వయసూ కనుక్కుంటాడు. 'వాళ్ళకీ అమ్మలుంటారు కదమ్మా' అనేవాడు."

కోడలు పేపరు మడతను ఇంకా గట్టిగా నొక్కిపట్టింది.

"నిన్నటి నుంచీ నీ గొంతు నీది కాదు. నాదే అనుమానమేమోనని ఆశపడ్డాను... ఇంత బరువు ఒక్కదానివే ఎలా మోశావు తల్లీ? నా గుండెకేం కాదులే. ఇన్నాళ్ళూ అందరి పేర్లూ చదివావు. వాడిదీ చదువు."

కోడలు మడత విప్పింది. కళ్ళనీళ్ళలో అక్షరాలు అలుక్కుపోతుంటే, ఆయన పేరు కూడబలుక్కుని చదివింది. తర్వాత వయసు చదివింది. నలభై రెండు.

"నలభై ఒకటే," అంది అత్తగారు. "రెండు నిండడానికి ఇంకా నెల ఉంది."