తాడు దాటిన గుర్రపుడెక్క

గురువారం మధ్యాహ్నం 1:40కి పెద్దప్ప చెరువులో నీళ్లు మాయమయ్యాయి.

పొద్దున తేటగా ఉన్న నీటి మీద ఇప్పుడు గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుంది. ముప్పై మంది ఆడవాళ్లు నలభై రోజులు పడిన కష్టం అరగంటలో మునిగిపోయింది.

2:25కి బత్తలపల్లి రోడ్డు మీంచి పోలీసు జీపు వచ్చి ఆగింది. ఎస్సై ఫిర్దోస్ దిగింది.

ఫోన్ చేసింది హనుమంతప్ప. నిరుటి దాకా ఈ చెరువు కలుపు తీసే కాంట్రాక్టు ఆయనదే. ఏటా మిషన్ తెచ్చి తీసేవాడు. ఏటా అది మళ్లీ పెరిగేది. ఈ ఏడు ఆ పని నీలావతి నడిపే ఆడవాళ్ల గుంపుకు పోయింది. అప్పట్నుంచి ఆయనకు అన్నం సహించడం లేదు.

నీలావతి గాలిని కూలికి పెట్టుకుంది. పడమటి మూలలో డెక్కకు అడ్డంగా, ఖాళీ క్యాన్లు కట్టిన నైలాన్ తాడు లాగింది. రోజుకు కొంచెం వదిలితే ఆషాఢం గాలి దాన్ని తూర్పు గట్టుకు తోసుకొస్తుంది. ఆడవాళ్లు అక్కడ నిలబడి లాగేస్తారు. ఒక్కసారిగా వదిలితే మాత్రం తుమ్మచెట్ల సందుల్లో ఇరుక్కుంటుంది. అక్కణ్నుంచి పీకడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు అదే జరిగింది. వింత ఏమిటంటే, తాడు ఉన్నచోటే ఉంది.

"తాడు తెగల్యా మేడం. ఆయమ్మే ఇడిసిపెట్టిచ్చింది," అన్నాడు హనుమంతప్ప. "పని అయిపోతే ఆయమ్మను ఎవురు అడుగుతారు?"

ఊళ్లో సగం మంది అదే మాట అంటున్నారు. ఐదు గంటలకు పంచాయతీ మీటింగ్. నీలావతిని తీసేసి, చెరువుకు కలుపు మందు కొట్టించాలని తీర్మానం. మందు కొడితే తన చేపలన్నీ చస్తాయని ఖాజాసాబ్ లబలబలాడుతున్నాడు. చెరువులో చేపల హక్కు ఆయనది.

నీలావతి గట్టు మీద కూర్చుని ఉంది. ఊరి మాటలు చెవిన పడుతున్నా తల ఎత్తలేదు.

"ఒంటి గంట నుంచి యాడున్నావమ్మా?" అని అడిగింది ఫిర్దోస్.

"తూర్పు గట్టున. అన్నానికి కూచ్చోనుండాం. అందరమూ."

"డెక్క ఇటొచ్చాక తాడు చూసింది ఎవరు?"

"నేనే. ఈ కొసనుంచి ఆ కొస దాకా చేత్తో తడిమినా. బాగానే ఉండాది."

ముప్పై మంది ఆడవాళ్లూ, ఖాజాసాబూ ఆమె అక్కడే ఉందన్నారు. హనుమంతప్ప 1:12కి బత్తలపల్లి బంకులో డీజిల్ పట్టించుకుంటున్నాడు. సీసీ కెమెరా ఫుటేజీ ఫోన్‌లోనే వచ్చింది. పాపం, ఓర్వలేనితనానికి శిక్ష వేసే సెక్షన్ ఉంటే ఆయన్ని అప్పుడే లోపలేసేది.

ఫిర్దోస్ చుట్టూ చూసింది. నీలావతి భర్త ఆంజనేయులు అన్నం క్యారియర్ పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ధర్మవరం నుంచి మగ్గం తెచ్చుకుని ఈ ఊళ్లో స్థిరపడిన నేతగాడు. ఊళ్లో మగ్గం ఉన్న ఇల్లు అదొక్కటే. రోజూ 12:45కి వచ్చే క్యారియర్ ఇవాళ 1:35కి వచ్చిందని ఆడవాళ్లు చెప్పారు. లుంగీ మోకాళ్ల దాకా తడిసి ఉంది. అడిగితే, కాలు జారిందన్నాడు.

ఫిర్దోస్ పడమటి మూలకు వెళ్లి, బూట్లు విప్పి నీళ్లలోకి దిగింది. తాడు పట్టుకుని నడిచింది. తాడు కొస కట్టిన గట్టు రాతికి రెండడుగుల దూరంలో, నీళ్ల అడుగున, వేలికి ఏదో తగిలింది.

చిన్న ముడి.

4:20కి ఆమె నలుగురినీ రాతి దగ్గరికి పిలిచింది. తాడు పైకెత్తి చూపించింది.

"తాడంతా పాచి. ఈ ముడి దగ్గర మాత్రం తెల్లగా ఉంది. అంటే ఇవాళే కోశారు. డెక్క వెళ్లిపోయాక మళ్లీ కలిపారు. కొసలు చూడు ఖాజాసాబ్. నువ్వు వల తాడు కడితే ఎంత కొస వదులుతావు?"

"జానెడు మేడం. లేకపోతే జారిపోతాది."

"ఇక్కడ గింజంత కూడా లేదు. కత్తిరించేశారు. కొసలు ఇంత మొదలంటా కత్తిరించేది ఎవరు?"

అందరూ ఆంజనేయులు వైపు తిరిగారు. అది తెలియనివాళ్లు ఆ తట్టున లేరు. కొస మిగిలితే మగ్గంలో చిక్కుకుని చీర పాడవుతుంది. పోగు తెగితే ముడి వేసి, కొసలు కత్తిరించి గానీ నేతగాడు లేవడు. ముప్పై ఏళ్ల అలవాటు. తప్పు చేస్తున్నప్పుడు కూడా చెయ్యి ఊరుకోలేదు.

"ఆ ముడి నాదే మేడం," అంది నీలావతి గబుక్కున. "నాకూ వచ్చు."

"వచ్చులేమ్మా. అందుకే చేత్తో తడిమినప్పుడే నీకు తెలిసిపోయింది. బాగానే ఉండాదని అబద్ధం చెప్పావు. కానీ నువ్వు తూర్పు గట్టున కూర్చుని ఉంటే ముప్పై మంది చూశారు."

ఆంజనేయులు క్యారియర్ కింద పెట్టాడు.

"చెరువు బాగుచేసిందని పేపర్లో ఈమె ఫోటో ఏసినారు మేడం. పక్కన నేనుంటే నన్ను కోసేసినారు. టీ అంగట్లో నీలావతి మొగుడొచ్చినాడు అంటాండారు. నాకు పేరు ల్యాదా?"

తనకు లేదని ఏడిస్తే ఒక కన్ను పోయిందట, ఎదుటివారికి ఉందని ఏడిస్తే రెండో కన్ను పోయిందట. ఆ ఎదుటి మనిషి సొంత పెళ్లామైతే ఏం పోతుందో సామెత చెప్పలేదు.

కేసు రాయమంటావా అని ఫిర్దోస్ అడిగింది. నీలావతి భర్త వైపు తిరిగింది. అప్పటిదాకా దాచుకున్న కోపం గొంతులోకి వచ్చింది.

"పందొమ్మిదేండ్లు నన్ను ఆంజనేయులు పెండ్లాం అన్యారు. నాకూ పేరుండె. నేను యా తాడన్నా కోసినానా?"

ఆమె ఫిర్దోస్ వైపు తిరిగింది.

"కేసొద్దు మేడం. ఐదు గంటలకు అందరి ముందరా ఈయప్పే చెప్పల్ల. రేపట్నుంచి తుమ్మల్లోకి దిగి నాతో పాటు డెక్క పీకల్ల."

5:05కి పంచాయతీ ఆఫీసులో గుమాస్తా పుస్తకం తెరిచాడు. తప్పు ఒప్పుకుంటున్న మనిషి పేరు రాయాలి. ఊరంతా తెలిసిన మనిషే అయినా, పద్ధతి ప్రకారం అడిగాడు.

"పేరు?"

ఆంజనేయులు వెనక్కి తిరిగి చూశాడు. నీలావతి గుమ్మం దగ్గర బురద కాళ్లతో నిలబడి ఉంది.

"నీలావతి మొగుణ్ని," అన్నాడు.