మొహం చూపించని మిషను

2007 ఎండాకాలం. ఏజెంట్ యలమందయ్యకి ఆ అసైన్‌మెంట్ గుంటూరు మిర్చి యార్డులో, టిక్కీలనే మిర్చి బస్తాల గుట్ట చాటున అందింది. ఇచ్చినవాడు చీఫ్ జయరావు. ఇద్దరూ ముఠా కూలీల వేషంలో ఉన్నారు. చీఫ్ గారి తలపాగా మాత్రం నెత్తిన తువ్వాలు ఆరేసినట్టుంది.

"తేజ మిర్చి ఎట్టా ఉంది?" కోడ్‌వర్డ్ వేశాడు చీఫ్.

"తాలుకాయలు ఎక్కువండి."

బ్రీఫింగ్ మొదలైంది. గ్రాఫ్ అనే విదేశీ ముఠానాయకుడు ఊరవతల ఒక కోల్డ్ స్టోరేజీ అద్దెకు తీసుకున్నాడు. చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలన్నిటి అమ్మోనియా కవాటాలనీ దొంగతనంగా అక్కడి లైనక్స్ కంప్యూటరుకి కలిపాడు. అది ఒక్క ఆజ్ఞ ఇస్తే చాలు, గ్యాసు గోడౌన్లలోకి తన్నుకొస్తుంది. ఏడాది మిర్చి పోయి దేశమంతా చప్పిడి కూర తినాలి. అంతకన్నా ఘోరం, తొడిమలు తీసే ఆడవాళ్లంతా ఆ గోడౌన్లలోనే ఉన్నారు.

"మన మాధురి అక్కడే ఉంది. గ్రాఫ్ తన మనిషే అనుకుంటున్నాడు," అన్నాడు చీఫ్.

"మీరేమనుకుంటున్నారండి?"

"నాకూ అదే అనిపిస్తుందయ్యా, అదే భయం."

యలమందయ్య టిక్కీ ఎత్తుకుని తిన్నగా కోల్డ్ స్టోరేజీలోకి నడిచాడు. కంట్రోల్ రూమ్ తలుపు తీశాడో లేదో, ఎదురుగా పట్టుచీర, నల్లకళ్లద్దాలతో మాధురి. అతను పలకరింపుగా నవ్వేలోపు కళ్లలో గుప్పెడు కారం కొట్టింది. బీడీకట్టలో దాచిన ట్రాన్స్‌మిటర్ లాగేసుకుంది. కళ్లు భగ్గుమన్నాయి, లోకం చీకటైంది.

వెనక నుంచి గ్రాఫ్ గొంతు వినిపించింది. పాపం, అతను తెలుగు పాత వ్యాకరణ పుస్తకాల్లోంచి నేర్చుకున్నాడు.

"ఏజెంటు మహాశయా, ఈ యంత్రము నిద్రించుచున్నది. మీ కరెంటును నమ్మలేక బ్యాటరీ పొదుపునకై నిద్రపుచ్చితిని. పూర్తిగా ఆర్పి హైబర్నేటు చేయుదమన్న డిస్కులో స్వాపు స్థలము చాలకుండెను. ప్రక్క పత్తి జిన్నింగు మిల్లు మధ్యాహ్నపు సైరను కూయుటకు ముందు తనంతట తానే మేల్కొనును. సైరనుతో కవాటములు తెరచును. తీగ పీకితివా, అవి తక్షణమే తెరచుకొనును."

"లేవడం లేస్తది సార్," అంది మాధురి, విసుగ్గా. "లేచినా మొహం చూపించదు. నెల్రోజుల్నుంచీ ఇదే గోల."

"మొగము మనకేల? పని చాలును."

ఇద్దరూ వెళ్లగానే ఇనుప తలుపు మూసుకుంది. బయట గడియ పడింది. ఆ గదికి కిటికీ లేదు, గ్యాసు గొట్టం మాత్రం ఉంది. గోడ అవతల తొడిమలు తీస్తున్న గురవమ్మ ఎవరి కోడలి వంటనో ఏకుతోంది. యలమందయ్య గోడ మీద బాదాడు, గొంతు చించుకుని అరిచాడు. కోల్డ్ స్టోరేజీ గోడ మందం. గురవమ్మ గొంతు ఇటు వస్తుంది గానీ, ఇతని గొంతు ఆమె గొంతుని దాటి పోవడం ఎవరి తరం?

తడుముకుంటూ కీబోర్డు దగ్గరికి చేరి ఒక మీట నొక్కాడు. ఫ్యాను గిర్రుమంది. ఒక కన్ను వేళ్లతో విప్పి చూశాడు. తెర నల్లగా బొగ్గుపలకలా ఉంది. ఇంకో మీట నొక్కాడు, అంతే. మానిటరు బటన్ నొక్కాడు, వైరు కదిపాడు. చచ్చిందనుకుని కూలబడ్డాడు. చెమట కళ్లలోకి జారి కారాన్ని మళ్లీ రగిల్చింది.

అప్పుడు బుర్రలో వెలిగింది. మాధురి విసుక్కోలేదు, బ్రీఫింగ్ ఇచ్చింది. నిద్రలేవనిది తెర ఒక్కటే. మిషను మేలుకునే ఉంది.

ఇందాక నొక్కిన అక్షరాలు చెరిగి వరస ఖాళీ అయ్యేదాకా బ్యాక్‌స్పేస్ కొట్టాడు. చెరపడానికి ఇంకేమీ లేదని "కుయ్" మంది.

లాగిన్ అయ్యే ఉంది, ఆజ్ఞలకి సిద్ధంగానే ఉంది. అది చూపించదు, ఇతను చూడలేడు, ఇద్దరికీ సరిపోయింది. వేళాపాళా చూసి ఆజ్ఞలు నడిపే ప్రోగ్రామును చంపెయ్యమనీ, చస్తేనే ఒక కూత కూయమనీ గుడ్డిగా టైపు చేసి ఎంటర్ కొట్టాడు.

చప్పుడు లేదు. ఎక్కడో అక్షరం తప్పింది.

అవతల గురవమ్మ అన్నం వేళైందని అందరినీ లేపుతోంది. వేళ్ల చెమట తొడకేసి తుడుచుకుని, ఒక్కొక్క అక్షరం పైకి పలుకుతూ మళ్లీ కొట్టాడు. జిన్నింగు మిల్లు సైరను గొంతు సవరించుకుంటోంది.

"కుయ్."

సైరను కూసింది. గొట్టం కిమ్మనలేదు. గోడ అవతల గిన్నెల మూతలు చప్పుడయ్యాయి.

కాసేపటికి గడియ తీసి మాధురి లోపలికొచ్చింది. పారిపోతూ పెట్రోలు లేక ఆగిన గ్రాఫ్ కారుని జయరావు మనుషులు తోసిపెడతామని తోసి, అతన్ని నేరుగా పోలీస్ స్టేషన్‌లో దింపారట.

"కళ్లలో కొట్టాలా తల్లీ?"

"నేను కొట్టకపోతే ఆయన తుపాకీ తీసేవాడండి."

సాక్ష్యం కోసం ఆ తెరని లేపమని ఢిల్లీ నుంచి ముగ్గురు నిపుణుల్ని పంపారు. వారమైంది. తెర ఇంకా లేవలేదు. నిపుణుల్ని మాత్రం గురవమ్మ రోజూ అన్నం వేళకి తట్టి లేపుతోంది.