మూడో అంతస్తు ఇనప పెట్టె

ఆ ఆఫీసులో మూడో అంతస్తు నడవా చివర, గోడకి ఒక ఇనప పెట్టె ఉంది. చీకటి పడ్డాక దాని ఛాయలకి ఎవరూ వెళ్ళరు. మీసాలు మెలేసుకుని తిరిగే మగవాళ్ళు కూడా అటువైపు పని పడితే "రేపు చూద్దాంలే" అంటారు.

దాని కింద కుర్చీలో కూర్చుని ఫోనెత్తితే మూలుగు వినిపిస్తుందట. లైటు వేస్తే మూలుగు... లైటు తీస్తే నిశ్శబ్దం. వాన రోజుల్లో ఆ పెట్టె మీద చెయ్యి ఆనిస్తే, లోపలి నుంచి ఎవరో వేళ్ళు పట్టుకుని లాగినట్టు ఉంటుందట.

ఆ లాగేది ఎవరో కూడా అందరికీ తెలుసు. ఆఫీసు ఊడ్చి తుడిచే పిన్ని. ఓ సాయంత్రం తడిగుడ్డతో పెట్టె తుడవబోయి, కెవ్వున అరిచి వెల్లకిలా పడింది. మళ్ళీ లేవలేదు. అప్పటి నుంచి ఆవిడే అక్కడ తిరుగుతోందని చెప్పుకుంటారు.

ఈ కథ పుట్టించింది ఎవరో మాత్రం ఎవరికీ తెలీదు. కరెంటు మేస్త్రీ.

ఆ భవనానికి తీగలన్నీ లాగింది ఆయనే. కరెంటు తీగ, ఫోన్లకీ కంప్యూటర్లకీ వెళ్ళే కేబులు ఒకే పైపులో పోనివ్వకూడదు, పోనిస్తే ఫోనులో మూలుగు పుడుతుందన్నది ఆ పనిలో మొదటి పాఠం. కుర్రాళ్ళెవరైనా ఆ తప్పు చేస్తే చెవి మెలిపెట్టేవాడు. కానీ మూడో అంతస్తు నడవా దగ్గరికొచ్చేసరికి గోడలకి రంగులైపోయాయి, మర్నాడే ప్రారంభం. రెండో పైపు వెయ్యడం మరిచిపోయానని ఒప్పుకుని గోడ పగలగొడితే పరువేం కాను? లైటు తీగతో ఆ పెట్టెలోకి దిగే ఇనప పైపులోకే కేబులు కూడా కుక్కి, బలవంతంగా లాగాడు. లోపల ఏదో చర్రుమంది... తీగ తొక్క ఎక్కడో ఊడిందని ఆ చేతులకి తెలిసింది. పైపుకి, పెట్టెకి షాకు కొట్టకుండా కాపాడే ఎర్తు కూడా సరిగ్గా కట్టలేదు. ఎవడు చూడొచ్చాడులే అని చేతులు దులుపుకున్నాడు.

పిన్ని పోయాక కూడా నిజం దాచేశాడు. దెయ్యముందంటే ఎవరూ ముట్టుకోరు కదా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. చచ్చిపోయిన మనిషి మీదికి నెట్టేస్తే, కాదనడానికి ఆవిడ రాదు. కథ రక్తి కట్టాలని వాచ్‌మన్‌ని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, మరో ముక్క కలిపాడు —

"తమ్ముడూ, ఆ నడవాలో లైటు మాత్రం ఎప్పుడూ ఆరనివ్వకు. చీకట్లో అది మనిషిని వదలదు."

ఆ మాట మేస్త్రీ మరిచిపోయాడు. వాచ్‌మన్ మరిచిపోలేదు.

ఓ రాత్రి భోజనాల దగ్గర కూతురు మురిసిపోతూ చెప్పింది. "నాన్నా, ఉద్యోగం వచ్చింది! నువ్వు పనిచేసిన ఆఫీసులోనే. మూడో అంతస్తు. రేపే చేరాలి."

మేస్త్రీ ముద్ద కంచంలో వదిలేశాడు. "ఏ... ఏ కుర్చీ?"

"చివర, ఆ పెట్టె కిందది. అక్కడ ఎవరూ కూర్చోరట, నాకిచ్చారు." పకపకా నవ్వింది. "దెయ్యముందన్నారు నాన్నా. మా నాన్న బిగించిన పెట్టెలో దెయ్యం ఎందుకుంటుందన్నాను."

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. నిజం చెబితే ఈ పిల్ల ముందు తలెత్తలేడు. చెప్పకపోతే పిల్లే దక్కదు. తెల్లారేలోగా గుట్టుచప్పుడు కాకుండా ఆ తీగ పీకెయ్యడం ఒక్కటే దారి.

ఆ రాత్రే ఆఫీసుకొచ్చి, టెస్టరు మరిచిపోయానని వాచ్‌మన్‌కి చెప్పి లోపలికెళ్ళాడు.

"ఈ వేళప్పుడు పైకెందుకన్నా..." వాచ్‌మన్ గొణిగాడు. ఆయన వినిపించుకోలేదు.

మెట్ల కింద మూడో అంతస్తు మెయిన్ స్విచ్చి దించాడు. దించినవాడు 'మనిషి పనిలో ఉన్నాడు' అని రాసిన అట్ట దానికి వేలాడదియ్యాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మానలేదు. ఈ రాత్రి వేలాడదీస్తే... ఏం పని, ఎందుకు అని అడుగుతారు. అట్ట జేబులోనే ఉండిపోయింది.

పైన కటిక చీకటి. స్టూలెక్కి, చిన్న టార్చి పళ్ళ మధ్య పట్టుకుని పెట్టె మూత తీశాడు. కేబులు లాగితే దాంతోపాటు లైటు తీగ కూడా జానెడు బయటికొచ్చింది. తొక్క చీరుకుపోయి లోపల రాగి మెరుస్తోంది. పిన్నిని చంపింది ఇదే. రెండు చేతులా తీగని పట్టుకున్నాడు — ఇంకొక్క లాగు... పిల్ల బతికిపోతుంది.

కింద వాచ్‌మన్ యథాలాపంగా తలెత్తాడు. మూడో అంతస్తు కిటికీల్లో వెలుగు లేదు.

"అయ్యో... అన్న పైనున్నాడే!"

చీకట్లో అది మనిషిని వదలదు. ఆ మాట చెప్పిన అన్నే దాని చేతికి చిక్కాడు. వాచ్‌మన్ పడుతూ లేస్తూ మెట్ల కిందికి పరిగెత్తాడు. మెయిన్ దిగి ఉంది. దించింది దెయ్యమే అనుకున్నాడు. దేవుణ్ణి తలుచుకుని, కళ్ళు మూసుకుని — పైకి తోశాడు.

మూడో అంతస్తులో లైటు వెలిగింది.

మేస్త్రీ గుండె ఆగి పోయాడన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. వాచ్‌మన్ మాత్రం ఇప్పటికీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. "ఒక్క నిమిషం ముందు లైటు వేసుంటే అన్న దక్కేవాడు" అంటాడు. పెట్టెలోకి తొంగిచూసే ధైర్యం ఎవరికీ లేక, వేలాడుతున్న తీగల్ని కర్రతో లోపలికి నెట్టి మూత బిగించేశారు.

కొన్నాళ్ళాగి కూతురు ఉద్యోగంలో చేరింది. ఆ కుర్చీయే కావాలని అడిగి తీసుకుందట. ఇప్పుడు ఫోనులో మూలుగు వినిపిస్తే ఎవరూ పిన్ని పేరెత్తడం లేదు. రోజూ ఇంటికి బయల్దేరేముందు ఆ పిల్ల పెట్టె మీద అరచెయ్యి ఆనిస్తుంది. వేళ్ళు జివ్వుమంటాయి. గుసగుసగా అంటుంది — "వెళ్ళొస్తాను నాన్నా."

వానలు మొదలయ్యాయి. నిన్న గేటు దగ్గర తడిసిన చేతులు తుడుచుకుంటూ వాచ్‌మన్‌తో సంబరంగా చెప్పిందట...

"బాబాయ్, ఈమధ్య నాన్న నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంటున్నాడు."